ఆంధ్రకేసరి మీద మల్టీమీడియా పాఠం: బడి కంప్యూటర్‌లో నడిచేలా కట్టుకోవడం ఎలా

టంగుటూరి ప్రకాశం పంతులు జీవితాన్ని ఎనిమిదో తరగతి పిల్లలు రెండు పీరియడ్లలో చూసి, విని, వెతికి తెలుసుకునే పాఠం ఒకటి తయారుచేద్దాం. ఇంటర్నెట్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోంచి తీసి బడిలోని పాత కంప్యూటర్ మీద పెడితే బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. ముగ్గురు చాలు: చరిత్ర తెలిసినవారు ఒకరు, తెలుగు బాగా చదవగల గొంతు ఒకటి, వెబ్ పేజీలు కట్టడం వచ్చినవారు ఒకరు.

ముందు కొలతలు తేల్చుకోండి. రెండు పీరియడ్లు అంటే 80 నిమిషాలు. అందులో వ్యాఖ్యానం 20 నిమిషాలు దాటకూడదు, మిగతా సమయమంతా పిల్లల చేతిది. 24 తెరలు, 40 బొమ్మలు, 3 నిమిషాల వీడియో సరిపోతాయి. బొమ్మ ఒక్కోటి 300 కేబీ చొప్పున 12 ఎంబీ, ధ్వని 10 ఎంబీ, వీడియో 45 ఎంబీ. మొత్తం 70 ఎంబీ లోపు తేలాలి. అంతకంటే పెరుగుతోందంటే వీడియో మీద ఆశ పెరిగిందని అర్థం. వీడియోను ముందు కోయండి, ఆధారాల బొమ్మలను మాత్రం కోయకండి.

ఈ పాఠానికి ప్రాణం ఒక్కటే. తెర మీద కనిపించే ప్రతి వాక్యం పక్కనా "ఎలా తెలుసు?" అనే బొత్తం ఉండాలి, నొక్కితే ఆ వాక్యానికి ఆధారమైన కాగితం తెరుచుకోవాలి. నాయకుల మీద వచ్చిన పాఠాలు చాలావరకు పూలదండ వేసిన పటంలా ఉంటాయి, పిల్లవాడు దండం పెట్టి వెళ్లిపోతాడు. కాగితం చేతికిచ్చి చూడండి, వాడు ప్రశ్నలు వేస్తాడు.

వాక్యాల పట్టిక

బొమ్మల జోలికీ కోడ్ జోలికీ వెళ్లకముందే స్ప్రెడ్‌షీట్‌లో ఒక పట్టిక వేయండి. ఒక వరుసకు ఒక వాక్యం. నిలువు గళ్లు ఆరు: తెర సంఖ్య, వాక్యం, ఆధారం పేరు, పేజీ లేదా తేదీ, హక్కుల స్థితి, సరిచూసినవారి పొడి అక్షరాలు. ఆధారం గడి ఖాళీగా ఉన్న వాక్యం తెర మీదికి ఎక్కకూడదు. ఎంత అందమైన వాక్యమైనా సరే. పని మొత్తంలో సగం సమయం ఈ పట్టికకే పోతుంది, పోనివ్వండి.

ప్రకాశం విషయంలో పాఠాలు తప్పటడుగు వేసే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని పట్టికలో ఎర్ర రంగుతో గుర్తుపెట్టుకోండి.

మొదటిది పదవి పేరు. ఆయన "ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి" కాదు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న, దానికి తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అంతకుముందు 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి 23 వరకు ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేత. ఆ పదవిని అప్పట్లో ప్రీమియర్ అనేవారు. తెర మీద "ప్రీమియర్" అనే రాసి, అది నేటి ముఖ్యమంత్రి పదవిలాంటిదని చిన్న వివరణ ఇవ్వండి.

రెండోది సైమన్, అంటే భారత పాలనా సంస్కరణలను పరిశీలించడానికి బ్రిటన్ పంపిన సైమన్ కమిషన్ అధ్యక్షుడు. ప్రకాశం గుండె చూపుతుంటే ఎదురుగా సైమన్ దొర నిలబడ్డట్టు గీసిన బొమ్మ పాఠంలో పెడితే ఘటనంతా తారుమారవుతుంది. 1928 ఫిబ్రవరి 3న కమిషన్ దిగింది బొంబాయిలో. ఆ రోజు మద్రాసులో జరిగింది హర్తాళు, దాని మీద కాల్పులు. హైకోర్టు దగ్గర, ప్యారిస్ కార్నర్ వైపు, కాల్పుల్లో చనిపోయిన మనిషిని చూడడానికి వెళ్తుంటే సాయుధులు ఆపారు, అప్పుడు ఆయన చొక్కా విప్పి ఎదురు నిలిచారు. బొమ్మ గీయించేటప్పుడు చిత్రకారుడికి ఈ మూడు వాక్యాలూ రాసి ఇవ్వండి. లేకపోతే మళ్లీ సైమన్ వచ్చి కూర్చుంటాడు.

మూడోది పుట్టిన జిల్లా. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. నేటి పిల్లలకు అది ప్రకాశం జిల్లా. 1872లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ఆయన శతజయంతి ఏడాదే దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఒకే ఊరు, నాలుగు జిల్లా పేర్లు. దీన్ని తలనొప్పి అనుకోకుండా పటంలో ఆటగా మార్చండి, ఎలాగో కింద చెబుతాం.

నాలుగోది పత్రిక. ప్రకాశం 1921లో మద్రాసులో మొదలుపెట్టిన 'స్వరాజ్య' దినపత్రిక ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో వచ్చింది. 1956లో అదే పేరుతో మొదలైన ఇంగ్లీషు వారపత్రిక వేరు. బొమ్మల కోసం పేరు కొట్టి వెతికితే రెండోదాని ముఖచిత్రాలూ కలిసి వస్తాయి. తేదీ కనిపించని పత్రిక బొమ్మను వాడకండి. అలాగే ఆయన మీద వచ్చిన సినిమాలోని దృశ్యాన్ని అసలు ఫొటో అనుకోకండి.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి, ఏవి వాడుకోవచ్చు

ప్రకాశం రాజకీయ జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులో గడిచింది కాబట్టి ప్రభుత్వ కాగితాల కోసం ముందు చూడాల్సింది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర పురాలేఖాగారం. శాసనసభ చర్చల సంపుటాలు చాలా పనికొస్తాయి: 1937లో రెవెన్యూ మంత్రిగా, 1946–47లో ప్రీమియర్‌గా ఆయన మాట్లాడినవి మద్రాసు సంపుటాల్లోనూ, 1953–54 నాటివి ఆంధ్ర రాష్ట్ర శాసనసభ సంపుటాల్లోనూ ఉంటాయి. పాత తెలుగు పత్రికలకు వేటపాలెంలోని సారస్వత నికేతనం మంచి చోటు. 1918 నాటి గ్రంథాలయం అది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు స్కాన్ల రూపంలోనూ దొరుకుతాయి. వెళ్లేముందు తేదీల జాబితా రాసుకోండి. "ప్రకాశం గురించి ఏమున్నాయి?" అని అడిగితే రోజంతా గడిచిపోతుంది. "1928 ఫిబ్రవరి 4 నుంచి 8 దాకా సంచికలు" అని అడిగితే గంటలో పని అవుతుంది.

ఇక ఆత్మకథ. 'నా జీవిత యాత్ర' లేకుండా ఈ పాఠం లేదు. భారత చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. ప్రకాశం 1957 మే 20న మరణించారు, కాబట్టి ఆయన రాసిన భాగాల మీద హక్కు 2017తో ముగిసింది. కానీ జాగ్రత్త: నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం. ఆయన మరణం 1979లో, అంటే ఆ భాగం 2039 చివరిదాకా హక్కుల కిందే ఉంటుంది. ఆంధ్ర రాష్ట్ర రోజుల గురించి పిల్లలకు బాగా నచ్చే ఘట్టాలు ఆ నాలుగో భాగంలోనే ఉన్నాయి. అక్కడ అనుమతి తీసుకోండి, లేదా విషయం మీ మాటల్లో రాసి పేజీ సంఖ్య చూపండి. కొత్త ముద్రణల్లో చేర్చిన ముందుమాటలకూ వివరణలకూ వేరే హక్కులుంటాయి. వాటిని స్కాన్ చేయకండి.

ఫొటోలు చిక్కు వ్యవహారం. 2012 సవరణతో వాటి గడువు లెక్క మారింది. ఎవరు తీశారు, ఏ ఏడాది, మొదట ఎక్కడ అచ్చయింది అనే మూడు గళ్లూ నిండని ఫొటోను పంపకానికి వెళ్లే పాఠంలో పెట్టకపోవడం మేలు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు పాఠంలో భాగంగా చూపడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. అదే బొమ్మను వెయ్యి బడులకు పంచడం మాత్రం వేరే సంగతి.

కృత్రిమ మేధతో ప్రకాశం ముఖం కదిలించడం, ఆయన గొంతు పుట్టించడం వద్దు. పిల్లలు దాన్ని అసలు రికార్డు అనుకుంటారు, పెద్దలూ అనుకుంటారు. రేపు మీరు "ఇది ఆధారం" అని ఏది చూపినా నమ్మరు. నలుపు తెలుపు ఫొటోలకు రంగులద్దడం కూడా అంతే. ఆయన మాటలు వినిపించాలంటే ఒకరి చేత చదివించి, "చదివింది వ్యాఖ్యాత" అని తెర మీద రాయండి.

స్కానింగ్

చిన్న ఫొటోలు 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), అచ్చు పేజీలు 300 డీపీఐ. మూలప్రతిని నాణ్యత తగ్గని టిఫ్‌గా దాచి, పాఠంలోకి 1600 పిక్సెళ్ల వెడల్పు జేపెగ్ చేయండి, నాణ్యత 80 చాలు. పత్రికలో అచ్చయిన ఫొటోలు చుక్కల కూర్పు కాబట్టి తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే చారలు చారలుగా వస్తాయి. 600లో తీసి, స్కానర్‌లో డీస్క్రీన్ (చుక్కలను చెరిపే సౌకర్యం) పెట్టి, ఆ తర్వాత చిన్నది చేయండి. పెళుసుబారిన పత్రికను గాజు మీద బోర్లా అదమకండి. పైనుంచి కెమెరాతో, రెండు పక్కలా సమానమైన వెలుగు పెట్టి తీయండి. అంచులు కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ ఉన్న పై పట్టీ పోకుండా చూసుకోండి. పిల్లలు చదవాల్సిన మొదటి సంగతి అదే.

పాత అచ్చును ఉన్నదున్నట్టే టైపు చేసి స్కాన్ పక్కన పెట్టండి. బండి ఱ, అరసున్న, గ్రాంథిక క్రియలు అలాగే ఉంచాలి. కష్టమైన మాటల మీద నొక్కితే నేటి అర్థం కనబడేలా చేయండి: తాలూకా, బారిష్టరు, ఫిర్కా, హర్తాళు. విదేశాల్లో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలకూ పాఠం పంపేట్టయితే ఈ పదకోశం రెట్టింపు చేయాలి.

తెరల కథనం

పుట్టుక నుంచి మరణం దాకా వరసగా 24 తెరలు నింపేయాలనిపిస్తుంది. అలా చేస్తే పన్నెండో తెరకే తరగతి ఆవలిస్తుంది. బాల్యానికి మూడు తెరలు చాలు: తండ్రి పోవడం, ఒంగోలులో తల్లి సుబ్బమ్మ పూటకూళ్లు నడపడం, ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు వెంట రాజమండ్రి వెళ్లడం. పూటకూళ్ల ఇల్లంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియదు, దానికో బొమ్మ గీయించండి. రాజమండ్రి పురపాలక అధ్యక్షత, ఇంగ్లండు చదువు, మద్రాసు ప్రాక్టీసు కలిపి రెండు తెరలు. ప్రాక్టీసు వదిలి పత్రిక పెట్టడానికి ఒకటి. మిగిలిన చోటంతా రెండు ఘట్టాలకు ఇవ్వండి.

మొదటిది 1928 ఫిబ్రవరి 3. ఇక్కడ వ్యాఖ్యానం ఆపేయండి. జార్జ్‌టౌన్ పటం మీద హైకోర్టును గుర్తించి, మూడు కాగితాలు పెట్టండి: ఆత్మకథలోని భాగం, ఆ వారపు పత్రిక వార్త, ప్రభుత్వ నివేదిక లేదా శాసనమండలి చర్చ. ఒక్కోటి 80 నుంచి 120 మాటలు మించకూడదు. పిల్లలు ప్రతి కాగితంలో రెండు రంగులతో గీత గీయాలి: రాసిన మనిషి కళ్లారా చూసింది ఒక రంగు, విని రాసింది మరో రంగు. ఆ తర్వాత "ముగ్గురూ చెప్పినవి", "ఒక్కరే చెప్పినవి" అనే రెండు బుట్టల్లోకి వాక్యాలు లాగాలి. కాగితాలు మూడూ దొరక్కపోతే రెండింటితో చేయండి, మూడోదాన్ని మీరు రాసి పెట్టకండి. ఆత్మకథ ఘటన జరిగిన చాలా ఏళ్లకు రాసిందని పిల్లలు తేదీ చూసి వాళ్లంతట వాళ్లే కనిపెట్టాలి, మీరు ముందే చెప్పేస్తే ఆట పోతుంది. ఈ పని మొత్తం 15 నిమిషాలు పడుతుంది. ఇద్దరికి ఒక కంప్యూటర్ అయితే ఇంకా మంచిది, వాదించుకుంటారు.

రెండోది 1953, కొత్త రాష్ట్రానికి రాజధాని. పిల్లవాడిని నిర్ణయం తీసుకునే కుర్చీలో కూర్చోబెట్టండి. చేతికి ఇవ్వాల్సిన కాగితాలు: కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, అందులో రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలని, ఎంచుకునే మొదటి అవకాశం రాయలసీమదని ఉన్న భాగం. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదలడం, నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన. మద్రాసు నగరం కొత్త రాష్ట్రానికి రాకపోవడం. 11 జిల్లాల పటం. విజయవాడ–గుంటూరు ప్రాంతమే కావాలన్న వాదన. ఎంపికలు మూడు చాలు. ఏది ఎంచుకున్నా రెండు తెరల్లో అసలు చరిత్రకు తిరిగి రావాలి: రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. "మీరు ఎంచుకున్నదానికి అప్పట్లో వచ్చిన అభ్యంతరం ఇది" అని ఆధారంతో చూపి వెనక్కి తీసుకురండి. కొమ్మలను కలపకుండా వదిలితే నాలుగు నిర్ణయాలకే 81 ముగింపులు రాయాల్సి వస్తుంది, చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు.

ఓటములను దాచకండి. 1947లో ఆయన్ని పదవి నుంచి దించింది సొంత పార్టీవాళ్లే. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద ఆంధ్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మద్రాసులో ఉండగా ఖద్దరు కోసం కొత్త మిల్లులకు అడ్డుచెప్పిన విధానం మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. ఇవి లేని ప్రకాశం రాతి విగ్రహం. ఇవి ఉన్న ప్రకాశంతో పిల్లలు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు.

తెలుగు అక్షరాలు విరగకుండా

పాత డీటీపీ ఫాంట్లలో, అంటే అను వంటి వాటిలో, టైపు చేసిన పాఠ్యం బ్రౌజర్‌లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి కానీ మార్చాక వాక్యం వాక్యం చదవాలి. ఒత్తులు పక్క అక్షరానికి జారడం, క్రావడి తప్పుకోవడం, అంకెలు మారిపోవడం మామూలే. 1928 కాస్తా 1923 అయితే కంటికి ఆనదు, కాబట్టి అంకెలన్నీ విడిగా మరోసారి చూడండి.

పొల్లుతో ముగిసే మాటకు విభక్తి చేర్చేటప్పుడు మధ్యలో వెడల్పు లేని విడదీత అక్షరం (జడ్‌డబ్ల్యూఎన్‌జే) వేయాలి. వేయకపోతే "కమిషన్‌లో" అన్నది "కమిషన్లో" అని లకారం ఒత్తుగా కిందికి దిగిపోతుంది. కొన్ని ఎడిటర్లు కాపీ చేసేటప్పుడు ఈ కనిపించని అక్షరాన్ని తీసేస్తాయి, కాబట్టి చివరి కూర్పు తర్వాత మళ్లీ చూసుకోండి.

ఫాంటును కంప్యూటర్‌కు వదిలేయకుండా పాఠంతోపాటే పంపండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సు ఉన్నవి. చదివే పాఠ్యానికి మండలి, శీర్షికలకు రామభద్ర బాగుంటాయి. మీరు ఎంచుకున్న ఫాంటులో ఱ, అరసున్న సరిగా వస్తున్నాయో ముందే చూడండి. వరసల మధ్య ఎత్తు అక్షరం కొలతకు 1.7 రెట్లు ఇవ్వండి. ఇంగ్లీషుకు సరిపోయే 1.2 ఇస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. బొత్తాలకు స్థిరమైన ఎత్తు పెట్టకండి, "రాష్ట్రం"లో ఒత్తు తెగిపోతుంది. అక్షరాల మధ్య దూరం సున్నాగానే ఉంచండి.

మాటలను బొమ్మల్లో అతికించేయకండి. శీర్షిక, తేదీ, పటం మీది ఊరి పేరు అన్నీ పాఠ్యంగానే ఉండాలి. తప్పు దొరికితే నిమిషంలో దిద్దుకోవచ్చు, చూపు లేని పిల్లలకు స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. వీడియోలో మాటలు తప్పనిసరైతే ముందు "ప్రభుత్వం, స్వాతంత్ర్యం, కర్నూలు" అనే మూడు మాటలు ఆ ఎడిటర్‌లో రాసి చూడండి. ఈ మూడూ సరిగ్గా వస్తే తక్కినవి చాలావరకు వస్తాయి.

గొంతు

తెలుగు వ్యాఖ్యానానికి నిమిషానికి నూరు మాటలు లెక్క వేసుకోండి. 20 నిమిషాలంటే 2000 మాటలు. ఇంగ్లీషు పాఠం లెక్కతో 3000 మాటలు రాస్తే చదివేవారు పరుగెత్తాలి. చదివే ప్రతిలో అంకెలు అక్షరాల్లో రాయండి: "పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది, ఫిబ్రవరి మూడు". లేకపోతే ఒక్కో తెరలో ఒక్కోలా చదువుతారు.

అడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. మోనో, 48000 హెర్ట్జ్. మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు ఉంచితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి తగలదు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. బట్టలు నిండిన బీరువా తెరిచి దానివైపు తిరిగి చదివితే గది మోత తగ్గుతుంది. ప్రతి రికార్డింగ్ మొదట పది సెకన్లు మౌనంగా వదలండి, హోరు తీసేయడానికి ఆ మౌనమే నమూనా. శబ్దం శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. హోరు మరీ గట్టిగా తుడిస్తే స, శ, ష మూడూ ఒకేలా వినిపిస్తాయి. అప్పుడు తుడుపు తగ్గించండి, కొంచెం హోరు ఉన్నా ఫర్వాలేదు. అన్ని తెరల ధ్వని గట్టితనాన్నీ మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు సమం చేసి, 64 కేబీపీఎస్ ఎంపీత్రీగా తీయండి. నిమిషానికి 480 కేబీ అవుతుంది. తెరకొక ఫైలు ఉండాలి. అంతా ఒకే ఫైలుగా పెడితే ఒక్క మాట దిద్దాలన్నా మొత్తం మళ్లీ కోయాలి. వ్యాఖ్యానం కింద సంగీతం వేయకండి, తరగతి గది ప్రతిధ్వనిలో అది మాటలను మింగేస్తుంది.

కూర్పు

ఫ్లాష్‌లో చేసిన పాత సీడీ పాఠాలు 2020 డిసెంబరుతో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయాక మూలపడ్డాయి. అందుకే ఒకే సంస్థ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకుండా హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో మామూలు వెబ్ పేజీలుగా కట్టండి. ఒక ఫోల్డరు, అందులో ఇండెక్స్ ఫైలు, పక్కన బొమ్మలకు, ధ్వనికి, ఫాంట్లకు ఒక్కో ఫోల్డరు.

ఎక్కువ మందికి ఎదురయ్యే దెబ్బ ఇది: తయారుచేసిన కంప్యూటర్‌లో చక్కగా నడుస్తుంది, బడిలో ఇండెక్స్ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే ఖాళీ తెర వస్తుంది. కారణం, తయారీలో మీరు లోకల్ సర్వర్ మీద, అంటే మీ కంప్యూటరే వెబ్‌సైట్‌లా అందించగా, చూశారు, బడిలో ఫైలు నేరుగా తెరుచుకుంది. నేరుగా తెరిచినప్పుడు క్రోమ్ భద్రత కోసం జేసన్ ఫైళ్లను (సమాచారం దాచే పాఠ్య ఫైళ్లు) చదవనివ్వదు, జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లనూ ఎక్కనివ్వదు. వాక్యాల పట్టికను జేసన్‌గా కాక, ఒక చరరాశిలో పెట్టి మామూలు స్క్రిప్టు ఫైలుగా ఎక్కించండి. వీడియో కింది అక్షరాల ఫైలుకూ ఇదే అడ్డు వస్తుంది, వాటినీ స్క్రిప్టులోనే పెట్టి సమయం ప్రకారం చూపండి.

ధ్వని దానంతటదే మొదలవదు, వాడేవారు ఒకసారి నొక్కేదాకా బ్రౌజర్లు ఆపేస్తాయి. మొదటి తెర మీద "మొదలుపెట్టండి" బొత్తం అందుకే.

ఫైళ్ల పేర్లన్నీ ఆంగ్ల చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. లినక్స్ పట్టించుకుంటుంది, అక్కడ సగం బొమ్మలు మాయమవుతాయి. తెలుగు పేర్లు పెట్టిన ఫైళ్లు పాత కంప్యూటర్లలో జిప్ విప్పినప్పుడు గజిబిజి అవుతాయి.

పటాన్ని ఎస్‌వీజీగా (పెద్దది చేసినా మసకబారని గీతల బొమ్మ), ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీయండి. 1872, 1904, 1953, 1956, 1970, 1972 పొరలు విడివిడిగా ఉండాలి. కింద జారుడు పట్టీ. పిల్లవాడు దాన్ని జరిపితే వినోదరాయునిపాలెం కదలకుండా ఉంటుంది, చుట్టూ జిల్లా పేరు, రాష్ట్రం పేరు మారుతూ ఉంటాయి. నేటి జిల్లాల పటాన్ని అడుగున పెట్టి దానిమీద పాత పేర్లు రాయడం తప్పు, హద్దులే వేరు. 1953 పొరలో బళ్లారి జిల్లా నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త రాష్ట్రంలో చేరాయో లేదో చూసుకోండి.

ప్రశ్నలు తేదీల మీద వేయకండి. తప్పు జవాబు నొక్కితే ఎర్ర గుర్తుతో వదలకుండా, ఆ పొరపాటు ఎందుకు జరుగుతుందో ఒక వాక్యంలో చెప్పి ఆధారం తెరవండి. పది ప్రశ్నలు చాలు.

పరీక్ష, పంపకం

మీ కొత్త ల్యాప్‌టాప్ మీద చూసి తృప్తిపడకండి. విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయి ఉంటుంది, దానిమీద నడవాలి. తెర 1366×768, ప్రొజెక్టర్ 1024×768, రెండింటిలోనూ బొత్తాలు కిందికి జారిపోకుండా చూడండి. ప్రొజెక్టర్ మీద లేత బూడిద రంగు అక్షరాలు కనిపించవు. మౌస్ లేకుండా ట్యాబ్, ఎంటర్ మీటలతో పాఠం చివరిదాకా వెళ్లగలగాలి. ఒక కంప్యూటర్ దగ్గర ఇద్దరుంటే రెండు హెడ్‌ఫోన్లు తగిలించే చీలిక తీగ పెట్టండి. స్పీకర్లు పెడితే గది సంతలా ఉంటుంది.

అయిదుగురు పిల్లలను కూర్చోబెట్టి చూడండి. సాయం చేయకండి, మాట్లాడకండి. ఎక్కడ ఆగారో, ఏ బొత్తం వెతుక్కున్నారో, "ఎలా తెలుసు?" ఎన్నిసార్లు నొక్కారో రాసుకోండి. అది ఎవరూ నొక్కకపోతే బొత్తం చిన్నదై ఉంటుంది, లేదా తెరుచుకున్న కాగితం చదవలేనంత మసకగా ఉంటుంది. రెండోదే ఎక్కువ. అప్పుడు స్కాన్‌లో కావలసిన నాలుగు వరసలు పెద్దవి చేసి ముందు చూపించి, పూర్తి పేజీని వెనక పెట్టండి.

అంతా సరిపడ్డాక ఫోల్డరును జిప్ చేయండి. ఇండెక్స్ ఫైలు జిప్ తెరవగానే పైనే ఉండాలి, లోపల మరో ఫోల్డరులో దాగకూడదు. పైనే ఉంటే, ఇంటర్నెట్ లేని బడులకు పాఠాలు అందించే కొలిబ్రి వంటి ఆఫ్‌లైన్ సర్వర్లలోకీ అదే జిప్ ఎక్కుతుంది. ఫైలు పేరులో సంచిక సంఖ్య, తేదీ ఉండాలి. చివరి తెరలో దిద్దుబాట్ల పట్టిక పెట్టండి: ఏ తెర, ఏ వాక్యం, ముందు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది, ఏ ఆధారంతో మార్చారు. వాక్యాల పట్టికను, టిఫ్ మూలప్రతులను, కోయని ధ్వని ఫైళ్లను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. అయిదేళ్లకు బ్రౌజర్లు మారితే పాఠాన్ని మళ్లీ కట్టుకోవాల్సింది వాటితోనే.